ఏటిపొలం దారి

ఆ ఏడు జూన్‌లో మా చిన్నవాడు మెర్ల్ మీద పేడ చల్లినందుకు కేసు పెట్టారు. నవ్వొస్తుందని తెలుసు. మేమూ మొదట నవ్వాం. పాడి పెట్టుకున్నవాళ్ళం, పేడ చల్లకపోతే గడ్డి ఎలా వస్తుంది, గడ్డి రాకపోతే ఆవు ఏం తింటుంది అని, కాగితం పట్టుకొచ్చిన పోలీసు డిప్యూటీతోనే హాస్యమాడాను. అతనూ నవ్వాడు పాపం. నవ్వి, "కాగితం మాత్రం తీసుకోవాలి ఎల్వమ్మా," అన్నాడు.

కేసు పేరు అల్లరి ప్రవర్తన. మా కౌంటీలో అదొక చిత్రమైన కేసు. తాగి వీధిలో అరిచినవాడికీ అదే, ఆటల్లో రిఫరీ మీద సీసా విసిరినవాడికీ అదే, పెట్రోలు బంకులో పెళ్ళాంతో పోట్లాడినవాడికీ అదే. ఇంకే పేరూ పెట్టలేని గొడవలన్నీ అందులో పడేస్తారు. పెద్ద కేసుల్లో దొరికినవాళ్ళని కూడా బేరాలాడి చివరికి అందులోకే దింపుతారు. అందుకే మా వాళ్ళెవరూ దాన్ని కేసుల్లో లెక్కవెయ్యరు. "అల్లరికి రాశారా? అంతేనా?" అంటారు. నేనూ అంతే అనుకున్నాను.

నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు క్లేటన్, చిన్నవాడు మెర్ల్. మా ఆయన హోవర్డ్ పోయాక పంపకాల్లో రోడ్డు పక్కనున్న పాత కొట్టం, దాని వెనక ఏటి ఒడ్డునున్న గడ్డిపొలం క్లేటన్‌కి వెళ్ళాయి. మిట్ట పొలాలు, పాలకొట్టం, యాభై ఆవులు, నేను మెర్ల్‌కి వచ్చాం. క్లేటన్‌కి చిన్నప్పటినుంచీ ఆవులంటే విసుగు. వాడూ, వాడి భార్య డెనీసూ కలిసి ఆ పాత కొట్టాన్ని కడిగి, సున్నం వేసి, దూలాలకి దీపాల తోరణాలు కట్టి పట్నంవాళ్ళ పెళ్ళిళ్ళకి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఆవులు కట్టేసిన చోట పెళ్ళి చేసుకోవడానికి అంత దూరం నుంచి వస్తారేమిటా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. వచ్చేవాళ్ళు, తండోపతండాలుగా.

అప్పటినుంచీ అన్నదమ్ములకి మాటలు తగ్గిపోయాయి. ఏటిపొలం గడ్డి మాత్రం ఎప్పటిలాగే మెర్ల్ కోసుకునేవాడు. దానికి కాగితం ఏమీ లేదు, అన్నదమ్ముల మధ్య కాగితమేమిటి. మా మిట్ట పొలాల్లో ఉన్నవి రాళ్ళే. ఏటిపొలం గడ్డి లేకపోతే ఆవులకి చలికాలం గడవదు, ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. ఆ పొలానికి దారి ఒక్కటే. క్లేటన్ వాకిట్లోంచి.

మే నెలలో ఒక శనివారం పెళ్ళికి వచ్చినవాళ్ళ కార్లు మా పాలకొట్టం దారికి అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. పాల ట్యాంకరు వచ్చింది, హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. మా తొట్టి నిండి ఉంది, సాయంత్రం పాలు పట్టే చోటు లేదు. మెర్ల్ ఆ పూట పాలన్నీ కాలవలోకి వదిలేశాడు. తెల్లగా పోతుంటే గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు గానీ అన్నకి ఫోను చెయ్యలేదు. చెయ్యమన్నాను. "ఎందుకులే," అన్నాడు. ఆ ఎందుకులే వాడికి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది.

తర్వాత జూన్‌లో మొదటి పెళ్ళి. తెల్ల డేరా వేశారు, వయొలిన్ల వాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురు తండ్రి చెయ్యి పట్టుకుని నడిచొచ్చే వేళకి మెర్ల్ ట్రాక్టరుకి పేడబండి తగిలించుకుని కంచె పక్కనే వచ్చాడు. ఒకసారి వచ్చి పోలేదు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. చేతిలో గిన్నె కింద పెట్టి గాలి ఎటు వీస్తోందా అని చెట్ల వైపు చూశాను. అటే వీస్తోంది.

పెళ్ళికూతురి తండ్రి డబ్బంతా వెనక్కిమ్మని రంకెలు వేశాడట. ఎవరో డిప్యూటీని పిలిచారు. డిప్యూటీ క్లేటన్‌ని అడిగాడు, "ఫిర్యాదు మీద సంతకం పెడతావా?" అని. ఆ పెద్దమనిషి మొహంలో మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. క్లేటన్ పెట్టేశాడు.

మర్నాడు చర్చి బయట నన్ను పక్కకి పిలిచి చెప్పుకున్నాడు. "ఆయన చూడాలని పెట్టానమ్మా, అంతే. ఆయన కారెక్కాక ఆ కాగితం చించేస్తారనుకున్నాను."

"ఎవరు చించుతార్రా?"

"ఎవరో ఒకరు."

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. 

మా టౌన్ కోర్టు నెలకి రెండు మంగళవారాలు కూర్చుంటుంది, సాయంత్రం ఆరింటికి. సరిగ్గా పాలు పితికే వేళ. టౌన్ ట్రక్కులు నిలిపే షెడ్డులో సగానికి గోడకట్టి, బల్లా జెండా పెట్టి కోర్టన్నారు. గోడకి అవతల మంచు తోసే బండ్లు, చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు గుట్ట, వేసవిలో కూడా దాని వాసన. జడ్జి రస్ బెంటన్. మా వైపు టౌన్ జడ్జికి లా చదువు అక్కర్లేదు, ఓట్లు వస్తే చాలు. రస్ పగటిపూట చేసేది వేరే పని. ఎద్దు లేకుండా ఆవుల్ని సూదితో చూడి కట్టిస్తాడు, కౌంటీ అంతా తిరుగుతాడు. మా కొట్టానికి వారానికి రెండుసార్లు వస్తాడు. ఇప్పుడు నల్ల గౌను వేసుకుని కూర్చున్నాడు, గోళ్ళు తెల్లగా తోముకుని.

"ఈ గదిలో అందరూ నాకు తెలుసు," అన్నాడు. "నేను వినకూడదని మీలో ఎవరికైనా ఉంటే చెప్పండి, పక్క టౌనుకి పంపుతాను. ఇంకో నెల పడుతుంది."

"గడ్డి కోతకొచ్చింది రస్," అన్నాడు మెర్ల్.

"ఇక్కడ నేను రస్ కాదు. మీరిద్దరూ ఏమవుతారు?"

మెర్ల్ అటూ ఇటూ చూశాడు. "నీకు తెలీదా?"

"నేను అడగాలి, నువ్వు చెప్పాలి."

"అన్నదమ్ములం."

రస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఇది కుటుంబ గొడవ కిందికి వస్తుంది. దూరంగా ఉండమని ఆర్డరు ఇవ్వాలి. కేసు తేలేదాకా నువ్వు క్లేటన్ ఇంట్లోకి, వాకిట్లోకి, ఆ కొట్టం చుట్టుపక్కలకి వెళ్ళకూడదు. మాట్లాడకూడదు, ఫోను చెయ్యకూడదు, ఎవరిచేతా కబురు పంపకూడదు."

"బయటివాళ్ళయితే?" అని వెనక బెంచీలోంచి అడిగాను.

"బయటివాళ్ళయితే ఇద్దర్నీ నాలుగు తిట్టి ఇంటికి పంపేవాణ్ణి ఎల్వమ్మా. కూర్చోండి."

క్లేటన్ చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలాగా. "వాడు గడ్డికి మా వాకిట్లోంచే పోవాలి. పోతే నాకేం అభ్యంతరం లేదు."

"నీకు లేకపోవచ్చు. ఆర్డరు నీది కాదు, కోర్టుది. నువ్వు పిలిచి కాఫీ ఇచ్చినా సరే, వాడొస్తే పట్టుకునేది వాణ్ణే. అది మార్చాలంటే సర్కారు వకీలుండాలి. ఆవిడ నెలలో రెండో కోర్టుకే వస్తుంది."

మెర్ల్ టోపీ తీసుకుని లేచాడు. ఇంటికి వచ్చేసరికి ఆవులు పొదుగులు బిగిసి అరుస్తున్నాయి.

రెండో కోర్టుకి వెళ్ళాం. సర్కారు వకీలుకి కౌంటీ పట్నంలో ఏదో పెద్ద విచారణ ఉందట, రాలేదు. వాయిదా. జులై మొదటి కోర్టుకి వెళ్ళాం, ఆవిడ లేందే ఏమీ కాదని తెలిసి కూడా వెళ్ళాం, వెళ్ళకపోతే వారంటు పంపుతారని. రెండోదానికి ఇంకో కుర్రవకీలు వచ్చాడు, అతని దగ్గర మా కేసు కాగితాల కట్ట లేదు. వాయిదా. ప్రతిసారీ పాలు ముందే పితికి, స్నానం చేసి, మంచి చొక్కా వేసుకుని పోవడం, కోర్టు గది బయట నడవలో నిలబడటం. అందరూ అక్కడే నిలబడతారు. ఉప్పు గోడ పక్కన సర్కారు వకీలు మడతబల్ల, దాని మీద కట్టలు, ఒక్కొక్కరూ వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడి వస్తారు. "ఏమన్నాడు?" "ఆరు నెలలు బుద్ధిగా ఉంటే కొట్టేస్తాడట." "నీకు?" "ఒప్పుకుంటే జరిమానా." లోపల రస్ ముందు జరిగేదంతా ఆ నడవలో అనుకున్నదే. మేమే ఎటూ తేలకుండా మిగిలాం.

ఆ నడవలోనే ఒకరోజు డెనీస్ నా పక్కకి వచ్చి నిలబడింది. ఆర్డర్లో మా ఇద్దరి పేర్లూ లేవు, మాకు మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు. అయినా అప్పటిదాకా మాట్లాడలేదు.

"అత్తయ్యా, సంతకం పెట్టమని నేను అనలేదు," అంది. "కానీ ఆ పిల్ల ఎంత ఏడ్చిందో మీరు చూళ్ళేదు. ముసుగు మీద ఈగలు వాలాయి."

"చూశాను. పాలు కాలవలో పోయిన రోజు నేనూ ఏడ్చాను, నువ్వు చూళ్ళేదు."

"మాకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదులే."

అది తన సంచిలోంచి ఒక బిళ్ళ తీసి నాకిచ్చింది, పిప్పరమెంటు. తీసుకున్నాను. నోరు ఎండిపోయి ఉంది.

ఈలోగా ఏటిపొలం కంకి వేసింది. గడ్డి మోకాలు దాటి, నడుం దాటి, గాలికి ఎర్రగా మెరుస్తోంది. చూడ్డానికి బాగుంటుంది. పెళ్ళివాళ్ళు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారట. పాడివాళ్ళకి తెలుసు, గడ్డి అందంగా ఉందంటే అయిపోయిందని. కంకి వేసిన గడ్డి పుల్ల, ఆవు తింటుంది గానీ పాలివ్వదు.

రస్ సూదులు వెయ్యడానికి వచ్చాడు. భుజందాకా చేతికి తొడుగు వేసుకుని, ఆవు వెనక నిలబడి, గోడకేసి చూస్తున్నాడు.

"రస్, ఏటిపొలం కంకి వేసింది," అన్నాను.

"ఆ మాట నాకు చెప్పకండి ఎల్వమ్మా."

"నేను గడ్డి సంగతి చెప్తున్నాను, కేసు సంగతి కాదు."

"ఈ ఊళ్ళో ఇప్పుడు రెండూ ఒకటే." చెయ్యి బయటికి తీసి తొడుగు తిరగేశాడు. నా మొహంలోకి చూడలేదు. "ఇది చూడి నిలుస్తుంది," అని చెప్పి, చేతులు కడుక్కుని పోయాడు. మంచివాడే. కానీ మంచివాళ్ళందరికీ ఆ వేసవిలో ఏదో ఒక అడ్డం ఉంది.

మెర్ల్ పొద్దున్నా సాయంత్రం రోడ్డు దాకా నడిచి, ఇవతల నిలబడి ఆ పొలాన్ని చూసి వచ్చేవాడు. ఒక పొద్దున అలాగే చూసి వచ్చి, నిలబడే గుడ్లూ రొట్టే తింటున్నాడు.

"ఆ ఆర్డర్లో నా పేరు లేదు కదా?" అని అడిగాను.

"లేదు. ఎందుకు?"

"కోత మిషను ట్రాక్టరుకి తగిలించిపెట్టు."

తినడం ఆపాడు. "అమ్మా, నీకు డెబ్బై ఒకటి."

"మిషనుకేం తెలుసు ఆ సంగతి?"

"ఆ ట్రాక్టరు క్లచ్చి నాకే అందదు."

"మీ నాన్న మోకాలు విరిగిన ఏడు కోసిందెవరు? నువ్వు బళ్ళో ఉన్నావు. తగిలించు."

హోవర్డ్ టోపీ పెట్టుకుని ఎక్కాను. మెర్ల్ రోడ్డు దాకా వెంట నడిచి, పోస్టు డబ్బా దగ్గర ఆగిపోయాడు. క్లేటన్ వాకిట్లోంచి పోయాను. డెనీస్ నిచ్చెన మీద నిలబడి దీపాలు కడుతోంది. ట్రాక్టరు చప్పుడు విని తిరిగింది, ట్రాక్టరు మీద నన్ను చూసింది. నేను చెయ్యి ఊపలేదు, రెండు చేతులూ చక్రానికే సరిపోయాయి.

గడ్డి బాగా ముదిరింది. కొన్ని చోట్ల పడిపోయి, మిషను నోట్లో చుట్టుకుని ఆగిపోయేది. దిగి, తీసి, మళ్ళీ ఎక్కడం. ఎక్కడమే కష్టం, ఒక కాలు పైన పెట్టి చక్రం పట్టుకుని కాసేపు అలాగే ఊగేదాన్ని. మధ్యాహ్నానికి నడుం నాది కాదనిపించింది. సగం కోశాను. మర్నాడు మిగతా సగం కోశాను. రాత్రి మెర్ల్ నా కాళ్ళకి మందు రాశాడు, ఆవు పొదుగులకి రాసేది, ఇంట్లో అదే ఉంది.

కోసి పడేస్తే సరిపోదు కదా. ఎండిన గడ్డిని వరసలు పెట్టాలి, కట్టలు కట్టాలి, మొయ్యాలి. మూడోరోజు ఎలాగా అనుకుంటూ ఏటిపొలానికి వెళ్ళేసరికి అక్కడ చప్పుడు వినిపించింది. క్లేటన్. వాళ్ళ నాన్న పాత దంతె, పెళ్ళికొట్టం వెనక టార్పాలిన్ కింద అలంకారానికని దాచినది, పూలకుండీలు పెట్టడానికి తెల్లరంగు కూడా వేశారు దానికి, దాన్ని తన చిన్న ట్రాక్టరుకి కట్టుకుని వరసలు పెడుతున్నాడు. వాడికి ఆవులంటే విసుగు గానీ వరస ఎక్కడా వంకర పోలేదు. నన్ను చూసి ఆపాడు.

"అమ్మా, కట్టలమిషను తాళం ఎక్కడుంది?"

"మీ తమ్ముడి దగ్గర."

"నేను అడక్కూడదు."

"నేను అడుగుతాను."

"కబురు కూడా పంపకూడదన్నాడు రస్."

"కబురేమిటి? నా కొడుకు జేబులో తాళం నేను అడుగుతున్నాను."

మెర్ల్ తాళం నా చేతిలో పెట్టాడు. ఎవరికని అడగలేదు. తర్వాత లోపలికి వెళ్ళి గ్రీజు గన్ను కూడా తెచ్చిచ్చాడు. "కుడివైపు బేరింగు ఎండిపోతుంది, గంటకోసారి పెట్టాలి," అన్నాడు గాల్లోకి చూస్తూ. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కట్టలమిషను పక్కన నిలబడి గ్రీజు గన్ను కుడివైపు బేరింగు మీద పెట్టాను. క్లేటన్ తల ఊపాడు.

తర్వాత రెండు రోజులూ ఇలా నడిచింది. క్లేటన్ కట్టలు కట్టి, ట్రాలీ నింపి, వాకిట్లోంచి రోడ్డు అంచుదాకా లాక్కొచ్చి, పోస్టు డబ్బా దగ్గర వదిలి వెనక్కి పోతాడు. వాడు కొట్టం మూల తిరిగాక మెర్ల్ చెట్లలోంచి వస్తాడు, ట్రాలీ తగిలించుకుంటాడు, ఖాళీది అక్కడ వదులుతాడు, మిట్ట ఎక్కిపోతాడు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. నేను మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి. అడగడానికి డిప్యూటీ రానే వచ్చాడు. కారు నెమ్మది చేసి, అద్దం దించాడు.

"ఎల్వమ్మా, అంతా సవ్యమేనా?"

"గడ్డి మోస్తున్నాం."

చెట్లలో నిలబడ్డ మెర్ల్‌ని చూశాడు. వాకిట్లోకి పోతున్న క్లేటన్ వీపుని చూశాడు. "ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు కదా?"

"వాళ్ళు మాట్లాడుకుని ఏడాదయింది నాయనా."

అతను అద్దం ఎత్తుకుని పోయాడు.

గడ్డి కొట్టానికి చేరింది, సంతోషమే. కానీ పుల్లలు. మెర్ల్ ఒక కట్ట విప్పి వాసన చూసి, మళ్ళీ కట్టాడు. మేపి చూస్తే ఆవులు ఆకు ఏరుకుని పుల్లలు పక్కకి తోసేశాయి, పాలు తగ్గాయి. ఇంక ఆశంతా రెండో కోత మీదే. ఆగస్టులో వచ్చేది మెత్తగా, పచ్చగా ఉంటుంది, పాలు దానివల్లే వస్తాయి. అది కూడా ముదిరిందంటే ఆవులు పోయినట్టే. నేను మళ్ళీ ట్రాక్టరు ఎక్కలేనని ముగ్గురికీ తెలుసు. క్లేటన్‌కి ఆగస్టంతా పెళ్ళిళ్ళు, వాడికి తీరదు.

ఆగస్టు రెండో కోర్టుకి సర్కారు వకీలు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, జుట్టు పైకి ముడేసుకుంది, మడతబల్ల మీద కట్టల పక్కన బిస్కట్ల పొట్లం. అదే ఆమె రాత్రి భోజనం. మాకంటే ముందు పదిమందితో మాట్లాడి గొంతు పోయింది పాపం.

"మిస్టర్ కోల్‌గ్రోవ్, ఇది తేలిగ్గానే తెగుతుంది," అంది మెర్ల్‌తో. "ఆరు నెలలు ఏ గొడవా లేకుండా ఉండండి, కేసు దానంతటదే కొట్టేస్తారు. మీ పేరు మీద మచ్చ ఉండదు, ఇది జరగనట్టే."

"ఆ ఆర్డరు?"

"అది ఆ ఆరు నెలలూ ఉంటుంది."

"నాకది అక్కర్లేదు," అన్నాడు వెనక నుంచి క్లేటన్.

"కుటుంబ గొడవల్లో ఆర్డరు లేకుండా మేము ఇలా వదలం సర్. మా ఆఫీసు పద్ధతి. ఇంతకుముందు వదిలినచోట మనుషులు దెబ్బలు తిన్నారు." దురుసుగా అనలేదు. నిజమే అయ్యుంటుంది కూడా.

"రెండో కోత ఈ వారమే పడాలి," అన్నాడు మెర్ల్.

ఆమెకి అర్థం కాలేదు. "ఏం కోత?"

మెర్ల్ చెప్పడానికి నోరు తెరిచి, మూసేశాడు. రోజంతా పని చేసొచ్చాడు, ఆ పిల్లా రోజంతా పని చేసొచ్చింది. ఇద్దరిలో ఎవరికీ ఓపిక లేదు. "ఇవాళే తెగాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు.

"తప్పు ఒప్పుకోవాలి. జరిమానా ఉంటుంది. ఒప్పుకుంటే ఆర్డరు నేను అడగను, జడ్జిగారి ఇష్టం. కానీ మీ పేరు మీద ఉండిపోతుంది, ఎవరు అడిగినా చెప్పుకోవాలి. ఆలోచించుకోండి, అవతలిదే మీకు మంచిది."

మెర్ల్ నా వైపు చూశాడు.  వాడు అడిగింది నన్ను కాదు, ఆవుల్ని.

"ఒప్పుకుంటాను," అన్నాడు.

లోపల బెంచీల నిండా జనం. సగం మంది పాడివాళ్ళే, ఎవరి గొడవలు వాళ్ళవి. రస్ అడగాల్సినవన్నీ అడిగాడు. "ఎవరైనా బలవంతం చేశారా?"

"గడ్డి తప్ప ఎవరూ లేరు."

"అది నేను విన్లేదు. బలవంతం చేశారా?"

"లేదు."

రస్ ముందున్న కాగితం మీద వేలు పెట్టి చదువుకున్నాడు. "ఇందులో ఏముందంటే, పనికొచ్చే ఉద్దేశమేదీ లేకుండా జనాన్ని ఇబ్బంది పెట్టావని. పేడ చల్లడం వ్యవసాయం పని. పనికోసమే చల్లానంటే నేను ఈ ఒప్పుకోలు తీసుకోలేను, వెనక్కి పంపి విచారణ పెట్టాలి. అందుకని ఏం చేశావో నీ నోటితో చెప్పు."

మెర్ల్ టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.  వెనక ఎవరో దగ్గారు.

"పేడగుంట నిండలేదు," అన్నాడు. "ఇంకో వారం పైన ఆగేది. వాన కూడా లేదు. ఆ కంచె పక్క చెక్కలో అప్పుడే గడ్డి మొలకొచ్చింది, దాని మీద చల్లకూడదు, మాడుతుంది. మాడింది. అక్కడ చల్లాల్సిన పని ఏమీ లేదు. డేరా చూసి వెళ్ళాను."

బెంచీల్లో పాడివాళ్ళు తలలు దించుకున్నారు. మా వైపు మనిషి తాగి కొట్టుకున్నానని అందరి ముందూ చెప్పగలడు. మొలక మీద పేడ పోశానని చెప్పడం వేరు.

"సరే," అన్నాడు రస్ మెల్లగా. "ఇది చాలు."

అప్పుడు క్లేటన్ లేచాడు. "ఆ ముందు కార్లు అక్కడ పెట్టించింది నేనే."

"క్లేటన్, నిన్నెవరూ అడగలేదు."

"ట్యాంకరు వచ్చే రోజని నాకు తెలుసు. అది వచ్చే వేళ కూడా తెలుసు. పెట్టమన్నాను."

"కూర్చో."

"కూర్చుంటున్నా." కూర్చున్నాడు. డెనీస్ వాడి వైపు తిరిగి చూసింది. దానికీ అప్పుడే తెలిసినట్టుంది.

రాసే అమ్మాయి చేతులు ఆపి రస్ వైపు చూసింది. "అది రాయకు," అన్నాడు రస్. జరిమానా చెప్పాడు. ఆర్డరు ఇంతటితో అయిపోయిందన్నాడు. తర్వాతి పేరు పిలిచాడు. ఒక జూన్, ఒక జులై, సగం ఆగస్టు పట్టిన సంగతి లోపల పావుగంట కూడా పట్టలేదు.

బయట ఎవరూ ఎవరికోసం ఆగలేదు. పాలవేళ దాటిపోయింది, మెర్ల్ ట్రక్కు స్టార్టు చేసేశాడు.  కొట్టం దగ్గర దిగుతూ, "పొద్దున మంచు ఆరగానే వెళ్తాను," అన్నాడు.

ఆ చలికాలంలో ఎనిమిది ఆవుల్ని అమ్మాం, పుల్లగడ్డి అంతవరకే లాగింది. మిగతావి నిలబడ్డాయి. కొన్నేళ్ళకి బడిబస్సు నడిపే పనికి మెర్ల్ దరఖాస్తు పెడితే అడిగారు, ఎప్పుడైనా నేరం ఒప్పుకున్నావా అని. ఒప్పుకున్నానన్నాడు. దేనికని అడిగితే చెప్పాడు. పని ఇచ్చారనుకోండి, కానీ చెప్పేటప్పుడు వాళ్ళు నవ్వారనీ, తను నవ్వలేదనీ అన్నాడు.

ఆ మర్నాటి పొద్దున మాత్రం నేను వరండాలో కూర్చుని బీన్సు గిల్లుతున్నాను. మెర్ల్ కోత మిషనుతో మిట్ట దిగడం, రోడ్డు దాటడం చూశాను. తర్వాత చెట్లు అడ్డం, ఇంక చప్పుడే. చప్పుడు పోస్టు డబ్బా దాటింది. వాకిట్లోకి మళ్ళింది. పెళ్ళికొట్టం ముందుకి వచ్చేసరికి ఆగిపోయింది.

నేను బీన్సు గిల్లడం ఆపాను. ఇంజను పూర్తిగా ఆపేశాడు. ఎవరి గొంతూ వినపడలేదు, అంత దూరం వినపడదు కూడా. కొట్టంలో ఆవులు దాణా తొట్టి నాకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒళ్ళో గిన్నె పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎండ వరండా మెట్టు ఒకటి ఎక్కింది.

మళ్ళీ ఇంజను మొదలైంది. కాసేపటికి దాని పక్కన ఇంకోటి, చిన్నది. రెండూ ఏటివైపు దిగిపోయాయి.